ఆంగస్ ఆవులకు ఒంగోలు సంబంధం

అమర్‌నాథ్ రిటైరైన వారం నుంచే కూతురి పొలానికి వెళ్లడం మొదలుపెట్టాడు. పాతికేళ్లుగా ఆయన పని వర్జీనియాలోని ఆష్‌బర్న్ డేటా సెంటర్లలో సర్వర్లు వేడెక్కకుండా చూసుకోవడం. ఆ గోడలు దాటి పడమరగా ముప్పావుగంట డ్రైవ్ చేస్తే కొండలు మొదలవుతాయి. ఆ కొండల కింద నీహారిక అరవై ఎకరాలు లీజుకు తీసుకుని పన్నెండు నల్ల ఆంగస్ ఆవుల్ని పెంచుతోంది. పాలకు కాదు, మాంసానికి.

ఆ చివరి మాట మాత్రం ఇంట్లో ఎవరూ పైకి అనరు. నీహారిక యానిమల్ సైన్స్ చదువుతానన్నప్పుడు పశువుల డాక్టరవుతుందనుకుని తల్లి విద్య పొంగిపోయింది. తీరా ఆ పిల్ల చదువు ముగించి మంద కొన్నాక విద్య రెండు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ పొలంలో అడుగుపెట్టలేదు. దూడలు అమ్ముడుపోయాయని చెబితే, "ఆహా, వెళ్లిపోయాయా" అనేది, అవేవో కాలేజీకి వెళ్లినట్టు. అమర్‌నాథ్‌కి ఆ పట్టింపు తక్కువ. మేకమాంసం లొట్టలేసుకుంటూ తినే మనిషి, కూతురు ఒకసారి ఆ సంగతి గుర్తుచేశాక ఆ ప్రస్తావనే మానేశాడు.

పొలంలో ఆయనకి మొదట అప్పజెప్పిన పని కంచె చూసుకోవడం. ఆయన కంచె కన్నా ఆవుల్నే ఎక్కువ చూశాడు. జూలై వచ్చేసరికి ఒకటి గమనించాడు. పది దాటిందంటే చాలు, ఆవులన్నీ కుంటలో దిగి పొట్టదాకా నీళ్లలో నిలబడుతున్నాయి. సాయంత్రం దాకా నోటికి గడ్డి తగలదు. నాలుకలు బయటపెట్టి రొప్పుతూ అక్కడే ఉంటాయి. వేడెక్కిన సర్వర్ పనిచేయదన్న సంగతి ఆయనకంటే ఎవరికి తెలుసు?

నీహారికని అడిగితే, కొంత ఎండా, కొంత ఆ పచ్చికా అని చెప్పింది. అక్కడి కొండల్లో మొలిచే ఫెస్క్యూ గడ్డిలో ఒక బూజు ఉంటుందనీ, అది తిన్న పశువుకి ఒళ్లు చల్లబడదనీ వివరించింది. అందుకే ఈ ఏడు మందకి కొత్త రక్తం ఎక్కించాలనుకుంటున్నానంది. ఎర్ర ఒళ్లు, తెల్ల ముఖం ఉండే హెర్ఫర్డ్ జాతితో కలిపితే దూడలు తల్లినీ తండ్రినీ మించి ఎదుగుతాయట. రెండు దూరపు జాతుల్ని సంకరం చేస్తే వచ్చే బలం అదేనట.

"దూరం అంటే ఎంత దూరం?" అని అడిగాడు అమర్‌నాథ్.

"ఎంత దూరమైతే అంత మంచిది నాన్నా."

ఆ మాటే ఆయన పట్టుకున్నాడు. హెర్ఫర్డూ ఆంగస్సూ రెండూ ఆ బ్రిటన్ దీవుల్లోవే కదా, అది మేనరికంలాంటిది గానీ దూరపు సంబంధం ఎలా అవుతుందన్నాడు. అసలు ఎండకి తట్టుకునే జాతి కావాలంటే మూపురమున్న జాతి తేవాలన్నాడు. అద్దంకి పక్కన ఆయన పుట్టిన ఊళ్లో తాతగారికి ఒంగోలు గిత్తలుండేవి. రోహిణీకార్తె ఎండలో కూడా అవి రాజుల్లా నిలబడి నెమరేసేవి. అమెరికాలో బ్రాహ్మన్ అని పిలిచే జాతిలో ఆ ఒంగోలు రక్తమే ఉందని ఆయన రాత్రంతా ఫోన్‌లో చదివి వచ్చాడు.

నీహారిక నవ్వలేదు. అడ్డంకులు మాత్రం వరసగా చెప్పింది. బ్రాహ్మన్‌కి వర్జీనియా చలి పడదు. చెవులు వేలాడే దూడని చూస్తే సంతలో వాళ్లు ధర తగ్గిస్తారు. మంచిగా చూసుకోకపోతే ఆ జాతికి కోపం ఎక్కువ. అన్నిటికంటే పెద్ద చిక్కు, బ్రాహ్మన్ ఆబోతుని ఆంగస్ ఆవుకి కలిపితే దూడ లావుగా పుడుతుంది, ఈత కష్టమవుతుంది. అమర్‌నాథ్ అన్నీ ఓపిగ్గా విన్నాడు. విని, ఒకసారి కళ్లతో చూస్తే తప్పేముందన్నాడు.

ఆ శనివారం ఇద్దరూ నార్త్ కెరొలైనా సరిహద్దు దాకా వెళ్లారు. బ్రాహ్మన్ పశువుల్ని పెంచే ముసలాయన వాళ్లని కంచె దగ్గరికి తీసుకెళ్లి, దాణా బకెట్ ఊపాడు. చెట్ల నీడలోంచి ఒక ఆబోతు నడిచి వచ్చింది. బూడిద కలిసిన తెలుపు. మెడ కింద గంగడోలు అలలు అలలుగా ఊగుతోంది. వీపు మీద మూపురం ఒక పక్కకి ఒరిగి ఉంది.

 అమర్‌నాథ్ చెయ్యి కంచెలోంచి పెట్టి, చిన్నప్పుడు తాత పిలిచినట్టు నాలుక కొట్టి "దా, నాయనా, దా" అన్నాడు. కెరొలైనాలో పుట్టి పెరిగిన ఆబోతుకి తెలుగేం తెలుస్తుంది? అది ఆయన్ని దాటుకుని తిన్నగా బకెట్ దగ్గరికి పోయింది. దాణా అయిపోయాక మాత్రం వెనక్కి వచ్చి, గరుకు నాలుకతో ఆయన చొక్కా చేతిని మోచేతి దాకా నాకింది. దాన్నే ఆయన చుట్టరికంగా లెక్కేసుకున్నాడు.

 తిరుగుదారిలో నీహారిక, నిజం చెప్పాలంటే ఫెస్క్యూ ఉన్నచోట నాలుగోవంతు బ్రాహ్మన్ రక్తం మంచిదేనని తనూ చదివానంది. ఆలోచిస్తానంది.

అమర్‌నాథ్ ఆ గెలుపుతో ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా విద్యకి కథంతా చెప్పాడు. మూపురం, గంగడోలు, నాలుక ఏదీ వదలలేదు. ఆవిడ కందిపప్పు కడుగుతూ అంతా విన్నది. చివర్న ఒక్కటే అడిగింది.

"దాని పిల్లల్ని కూడా అమ్మేస్తారుగా?"

  ఇన్నాళ్లూ నల్ల దూడలు ట్రైలర్ ఎక్కి పోతుంటే గేటు తీసింది అమర్‌నాథే. అప్పుడేమీ అనిపించలేదు. అవి ఎవరివో, మనవి కావు. ఇప్పుడు మూపురమున్న దూడ అదే ట్రైలర్ ఎక్కడం కళ్లకి కట్టింది. అంత ఇష్టపడి ఆ సంబంధం కుదిర్చింది ఇందుకా? పోనీ మూపురం లేనంత మాత్రాన ఆ నల్ల దూడలు ఏం పాపం చేశాయి?  అప్పటినుంచి పొలానికి వెళ్లడం మానేశాడు. అడిగితే మోకాలు నొప్పన్నాడు.

మోకాలు కాదని నీహారికకి తెలుసు. తనే ఇంటికి వచ్చి, సోఫాలో తండ్రి పక్కన కూర్చుంది. తను ఆలోచించిన దారి చెప్పింది. మందలో పెద్ద ఒళ్లున్న నాలుగు ఆవులకి మాత్రం ఆడదూడలే పుట్టేలా వేరు చేసిన బ్రాహ్మన్ వీర్యం ఎక్కించాలి. ఆ పెయ్యల్ని అమ్మరు. అవే రేపు మందకి తల్లులవుతాయి. బ్రాహ్మన్ రక్తమున్న తల్లి దూడని కళ్లలో పెట్టుకుని చూస్తుంది, ఎక్కువ ఏళ్లు బతుకుతుంది. మిగతా ఆవులకి హెర్ఫర్డ్.

"ఆ పెయ్యల పిల్లలు?" అని అడిగాడు అమర్‌నాథ్.

"మళ్లీ హెర్ఫర్డ్‌తో క్రాస్ చేస్తాను. ఆ పిల్లలు వెళ్తాయి నాన్నా. నేను నీకు అబద్ధం చెప్పను. ఇది గోశాల కాదు, నా జాబ్ ఇది. కానీ ఉన్నన్నాళ్లు ఏ దూడనైనా నేను బాగా చూస్తాను. అది నువ్వు చూశావు కదా."

చూశాడు. మంచు కురిసేటప్పుడు ఒక నల్ల దూడని కార్ ముందుసీట్లో కూర్చోబెట్టి, హీటర్ పెట్టి, తను బయట వణుకుతూ నిలబడ్డ పిల్ల అది. అమర్‌నాథ్ సరేనన్నాడు. పూర్తిగా మనసొప్పి కాదు. తన మనసు కన్నా కూతురి మనసు తేటగా ఉందని తోచి ఒప్పుకున్నాడు. వంటింట్లోంచి విద్య, తనకేమీ చెప్పొద్దనీ, మీ ఇష్టమనీ అంది. అంటే అంతా విన్నదన్నమాట.

ఏప్రిల్‌లో ఈతలు మొదలయ్యాయి. హెర్ఫర్డ్ దూడలు నల్ల ఒళ్లు, తెల్ల ముఖాలతో, పౌడరద్దుకున్న పిల్లల్లా టపటపా రాలిపడ్డాయి. బ్రాహ్మన్‌కి చూలు కట్టిన ఆవులు మాత్రం ఆలస్యం చేశాయి. మే మొదట్లో మూడు ఈనాయి. మూడూ పెయ్యలే, నల్లగా, పొడుగు చెవులతో. అమర్‌నాథ్ ముగ్గురు మనవరాళ్లు పుట్టినంత సంబరపడ్డాడు. నాలుగో ఆవు ఈనే రోజున ఆయన బీపీ మాత్రలు ఇంట్లో మర్చిపోయాడు.

విద్య ఆ రోజు లీస్‌బర్గ్‌లో ఎవరిదో సీమంతానికి బయల్దేరింది. ఫార్మసీలో పనిచేసే మనిషి, మాత్రల విషయంలో ఊరుకోదు. గేటు దగ్గర ఇచ్చేసి పోదామని మొట్టమొదటిసారి పొలం దారి పట్టింది. గేటు దగ్గర ఎవరూ లేరు. కొట్టంలోంచి కూతురి గొంతు వినిపించింది. మామిడిపండు రంగు పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి వెళ్లింది.

ఆవు పడుకుని ఉంది. దూడ ముందుకాళ్లు రెండూ, ముక్కూ బయటికొచ్చి ఆగిపోయాయి. నీహారిక ఆ కాళ్లకి గొలుసులు కట్టి, ఆవు నొప్పి పడ్డప్పుడల్లా కిందికి లాగుతోంది. అమర్‌నాథ్ రెండో గొలుసు పట్టుకుని లాగుతున్నాడు గానీ ముఖం పాలిపోయింది, చేతులు జారుతున్నాయి. పశువుల డాక్టర్ రావడానికి గంట పడుతుందట.

"అమ్మా, నాన్న దగ్గర చెయిన్ తీసుకో," అంది నీహారిక.

విద్య చీర చెంగు నడుముకి దోపింది. మాత్రలు మొగుడి చేతిలో పెట్టి, గొలుసు అందుకుంది.

"ఎప్పుడు లాగాలో చెప్పు" అని మాత్రం అంది.

తల్లీకూతుళ్లు మడమలు గడ్డిలో గుచ్చి, వెనక్కి వాలి లాగారు. నుదురు దాటింది. మళ్లీ ఆగింది. ఇంకొక నొప్పికి భుజాలు వచ్చాయి, ఆ వెంటనే మిగతాదంతా ఒక్కసారిగా జారి, ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. దూడ కదల్లేదు. నీహారిక దాని నోట్లోంచి జిగురు తీస్తూ, గడ్డిపరకతో ముక్కులో గెలకమని తల్లికి చెప్పింది. విద్య మోకాళ్ల మీద కూర్చుని గెలికింది. దూడ పెద్దగా తుమ్మింది. పట్టుచీర మీద పడనిదేదీ మిగల్లేదు.

దూడ పెద్దది. వీపు మీద చిన్న మూపురం అప్పుడే తెలుస్తోంది. నీహారిక దాని తోక ఎత్తి చూసి, తల పట్టుకుంది. పదింట తొమ్మిది పెయ్యలే పుడతాయని వీర్యం అమ్మినవాళ్లు చెప్పారు. ఆ పదోది ఇదే. కోడెదూడ.

 కోడెదూడలు ఎక్కడికి వెళతాయో విద్యకి తెలుసు. ఎవరూ చెప్పనక్కర్లేదు.

"ఇది వెళ్లదు" అంది విద్య.

నీహారిక వాదించింది. ఒక్కదాన్ని ఆపితే ఏటా ఒకటి ఆగుతుందనీ, పనిలేని పశువుని మేపే స్తోమత మందకి లేదనీ అంది. ఆ మాటలో న్యాయముందని విద్య ఒప్పుకుంది. పని లేకపోతేనే కదా, పని చూపిస్తే సరి అంది. ఇద్దరూ అమర్‌నాథ్ వైపు తిరిగారు. అప్పటికి మాత్ర మింగి కాస్త తేరుకున్న ఆయన, మా తాత ఏడాది కోడెకి కాడి అలవాటు చేసేవాడని నసిగాడు.

అలా ఆ కోడె నిలిచింది. విత్తు కొట్టించి ఎద్దుని చేశాక, పక్క పొలం రైతు డేల్, ఓక్ చెక్కతో చిన్న కాడి చేసిపెట్టాడు. అమర్‌నాథ్ రోజూ దాన్ని దారి మీద నడిపించాడు. మొదట్లో ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చూసేవాళ్లకి తెలిసేది కాదు. మరుసటి చలికాలానికి అది గడ్డిమోపులు పెట్టిన చెక్కబల్లని మంచులో ఈడ్చుకుపోయి మందకి మేత వేయడం నేర్చింది. దాని చెవులకి చలి తగలకుండా విద్య ఉన్ని టోపీ అల్లింది. అది దాన్ని తినేసింది. విద్య ఇంకొకటి అల్లింది.

ఆవిడ ఇప్పుడు ప్రతి ఆదివారం పొలానికి వస్తుంది. ట్రైలర్ వచ్చే రోజుల్లో మాత్రం రాదు. ఆ రోజుల్లో అమర్‌నాథ్ గేటు తీస్తాడు, ముందుకన్నా మెల్లిగా, ఒక్కో దూడ వీపు మీద చెయ్యి వేసి పంపిస్తాడు. ఎండాకాలం వచ్చాక పొడుగు చెవుల పెయ్యలు మిట్టమధ్యాహ్నం కూడా గట్టు మీద మేస్తుంటే, కుంటలో నిలబడ్డ పిన్నమ్మలు వాటిని వింతగా చూశాయి.

ఆ జూలైలో ఆ ఏటి సంకరానికి ఏ ఆబోతుల్ని ఎంచాలా అని నీహారిక వంటింటి బల్ల మీద కేటలాగులు పరిచింది. అమర్‌నాథ్ రంగుల గురించీ, మూపురాల గురించీ మొదలుపెట్టాడు. విద్య ఉప్మా పళ్లెం బల్ల మీద పెట్టి, కళ్లజోడు తగిలించుకుని, కేటలాగు తన వైపు లాక్కుంది.

"రంగు సంగతి తర్వాత. దూడకి తల చిన్నగా వచ్చేది ఏదో ముందు అది చెప్పండి" అంది.