ఎర్మెతె కొట్టిన ఒకే ఒక్క గోలు

మా బోర్గొలెంటాలో నా మాటకి ఎదురు చెప్పేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు గాని, నా అంకెకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. ముప్ఫై ఎనిమిదేళ్లు మునిసిపాలిటీలో జనన మరణాలు రాసిన చెయ్యి ఇది. ఆదివారాలు అదే చేత్తో మా ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు లెక్కలు రాశాను. అతి పెద్ద గెలుపు తొమ్మిది సున్నా. అతి పెద్ద ఓటమి సున్నా పదకొండు, ఆ రోజు మా గోల్‌కీపర్ పెళ్లి చేసుకుంటున్నాడు. వరసగా ఓడకుండా ఆడినవి పదిహేడు. ఏదడిగినా పుస్తకం తెరవకుండా చెబుతాను. జిల్లా పత్రికలో తప్పు పడితే సోమవారం పొద్దున్నే ఫోన్ చేస్తాను. నా గొంతు వినగానే అవతల ఎవరో "అమ్మో, మళ్లీ ఆవిడే" అని గొణుగుతారు. నాకది వినిపిస్తుంది, ఎంతో హాయిగా ఉంటుంది.

ఈ సంవత్సరం క్లబ్బుకి వందేళ్లు. వందేళ్ల లెక్కలన్నీ ఒక పుస్తకంగా వేస్తున్నారు, రాసింది నేనే. సోమవారం ప్రెస్సుకి వెళ్లాలి. గురువారం మధ్యాహ్నం నాకొక కవరు వచ్చింది.

పంపినవాడు మాలిన్వెర్ని. నది అవతల పియెవెనొవాలో మందుల షాపు ఆయనది, అక్కడి క్లబ్బు లెక్కలు రాసేదీ ఆయనే. మేమిద్దరం ఇరవయ్యేళ్లుగా ఉత్తరాలు రాసుకుంటున్నాం, ఒక్కసారి కూడా కలుసుకోలేదు. పాత మ్యాచ్‌ల వివరాలు సరిచూసుకోవడానికి తప్ప ఆయన నాకెందుకూ అక్కర్లేదు, నేనూ ఆయనకంతే. కవర్లో రిఫరీ రిపోర్టు నకలు ఒకటి, దానికి గుచ్చిన చీటీ ఒకటి ఉన్నాయి. "అల్దీనా గారూ, 1975 జనవరి 22 బుధవారం నాటి మ్యాచ్‌లో మీ గోలు మావాడు కొట్టిన సెల్ఫ్ గోల్. ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గాని, లెక్క లెక్కే కదా" అని రాశాడు.

ఆ చీటీ మూడుసార్లు చదివాను. ఎందుకంటే నా పుస్తకంలో ఆ గోలు ఎర్మెతె తవానిది.

ఎర్మెతె ఎవరో చెప్పాలి. ఆరడుగుల మనిషి, వెనకవరసలో గోడలా నిలబడి మూడు వందల పద్దెనిమిది మ్యాచ్‌లు ఆడాడు. ఇప్పుడు డెబ్బయ్యేడేళ్లు. మైదానానికి గీతలు గీసేది, గడ్డి కోసేది ఆయనే. జీవితంలో కొట్టింది ఒకే ఒక్క గోలు. అది కూడా మా నది ఒడ్డున పడే పొగమంచులో, అంటే సొంత పాదాలు కూడా కనిపించని పొగమంచులో. ఏటా జనవరి రెండో ఆదివారం బార్‌లో ఆ గోలుకి పండగ చేస్తాడు. అందరికీ ఎర్ర వైను, కొటెకీనో అనే పంది మాంసం సాసేజి ముక్కలు వేడి వేడిగా. కుర్చీ ఎక్కి కథ చెబుతాడు. చివర్లో తన పాత జోడీదారు ప్రీమో గిసోల్ఫి వైపు వేలు చూపించి, "ఇదిగో వీడు! రెండు వందల ముప్ఫై ఒక్క మ్యాచ్‌లు ఆడి ఒక్క గోలు కొట్టని మహానుభావుడు!" అంటాడు. బార్ అంతా గొల్లున నవ్వుతుంది. గోల్‌కీపర్లని వదిలేస్తే, గోలు కొట్టకుండా ఎక్కువ మ్యాచ్‌లు ఆడిన రికార్డు ప్రీమోదే. నా పుస్తకంలో ఎనభై ఎనిమిదో పేజీ. ప్రీమో ఏటా పేకముక్కల వైపు చూస్తూ కూర్చుంటాడు, ఒక్క మాట మాట్లాడడు.

నాకంటే ముందు క్లబ్బు లెక్కలు రాసింది నాన్న. అటక మీంచి ఆయన పాత నోటుపుస్తకం దించాను. తప్పు ఎక్కడ జరిగిందో ఒక్క నిమిషంలో తేలిపోయింది, చేసింది నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నాన్న జ్వరంతో పడుకుంటే నోటుపుస్తకం నా చేతికొచ్చింది. జనవరి 12 ఆదివారం మ్యాచ్ పొగమంచుకి మధ్యలో ఆగిపోయింది. అప్పటికి మేము ఒకటి సున్నా, గోలు ఎర్మెతెది. పేజీ అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేశాను. కానీ ఆగిన మ్యాచ్ ఆ రోజుల్లో లెక్కలోకి రాదు, మొదటినుంచీ మళ్లీ ఆడాల్సిందే. మళ్లీ ఆడింది 22వ తేదీ, పనిదినం, నేను ఆఫీసులో ఉన్నాను. సాయంత్రం బార్‌లో అడిగితే "ఒకటి సున్నా, మనమే" అన్నారు. అదే స్కోరు. పేజీ పాడుచేస్తే నాన్న చంపేస్తాడు. అందుకని 12ని 22గా దిద్ది ఊరుకున్నాను. గోలు కొట్టినవాడి పేరు అలాగే ఉండిపోయింది. నలభై తొమ్మిదేళ్లు ఉండిపోయింది.

ఒక కాగితం పొదుపు చేసి ఒక మనిషికి లేని గోలు ఇచ్చాను. ఇప్పుడది వెనక్కి లాక్కోవాలి. ఆ రాత్రి అన్నీ ఆలోచించాను. కవరు పొయ్యిలో వేస్తే ఎవరికి తెలుస్తుంది? మాలిన్వెర్నికి తెలుస్తుంది. నాకు తెలుస్తుంది. తప్పని తెలిసిన అంకెని అచ్చు వేయించడం నావల్ల కాదు. అలాగని ఎర్మెతె మొహం చూసి చెప్పడం కూడా నావల్ల అయ్యేలా లేదు. నిజం చెప్పాలంటే భయపడ్డాను.

శనివారం పొద్దున్న మైదానానికి వెళ్లాను. ఎర్మెతె సున్నం బండి తోసుకుంటూ పెనాల్టీ బాక్సు గీస్తున్నాడు.

"గీత మీద కాలెయ్యకు, రిజిస్ట్రారమ్మా!" అని దూరంనుంచే అరిచాడు.

"నీ గీత వంకరగా ఉంది."

"నీ చూపు వంకర. ఏంటి సంగతి, పొద్దున్నే? ఎవరైనా పోయారా?"

"పోలేదు. ఎర్మెతె, బండి ఆపు. నీ గోలు సంగతి."

బండి ఆపాడు. కవరు తీసి అంతా చెప్పాను, నా దిద్దుబాటుతో సహా. ఆయన రిపోర్టు చదవలేదు, కళ్లజోడు తెచ్చుకోలేదు. టోపీ తీసి సున్నం చేత్తోనే నెత్తి గోక్కున్నాడు.

"బుధవారం నేను కొట్టలేదని నాకు తెలుసులే," అన్నాడు. "పియెవెనొవా వాడు కాలు జారి సొంత గోల్లోకి తన్నుకున్నాడు. పాపం ఏడ్చాడు కూడా."

"తెలుసా? మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు పుస్తకంలో రాశావుగా! ఆదివారం గోలు చెల్లదని డ్రెస్సింగ్ రూములో ఎవరో అన్నారు. ఇంటికెళ్లి బాధపడ్డాను. వేసవిలో మీ నాన్న పట్టిక గోడకి అంటించాడు. చూస్తే తవాని, ఒకటి. ఏదో రూలు ఉండే ఉంటుంది, లేకపోతే అల్దీనా రాయదు కదా అనుకున్నా. నువ్వు తప్పు రాస్తావని ఈ ఊళ్లో ఎవడనుకుంటాడు చెప్పు?"

నన్ను తిట్టినా బాగుండేది.

"నన్ను క్షమించు," అన్నాను.

"తీసెయ్. లేనిది లేదు," అన్నాడు. సున్నం బండి పిడి పట్టుకుని అడిగాడు, "మరి నా పేరు దగ్గర ఏముంటుంది?"

"మూడు వందల పద్దెనిమిది. సున్నా." చెప్పక తప్పదు గనక మిగిలింది కూడా చెప్పేశాను. "ఎనభై ఎనిమిదో పేజీలో మొదటి పేరు ఇప్పుడు నీది. గోలు లేకుండా అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు."

ఎర్మెతె టోపీ మళ్లీ నెత్తిన పెట్టుకున్నాడు.

"ప్రీమో రికార్డు నాకా!" అన్నాడు. "ఓరి దేవుడో. నలభై తొమ్మిదేళ్లు కుర్చీ ఎక్కి వాణ్ని ఏడిపించాను. వాడిప్పుడు నన్ను బతకనిస్తాడా? అల్దీనా, నువ్వు నా పక్కనే ఉండు, పద. వాడికి నేనే చెప్తా. ఇంకొకరి నోట వింటే వాడి ఆనందం ఇంకా పెరుగుతుంది."

బార్‌లో ప్రీమో ఒక్కడే కూర్చుని ముక్కలు కలుపుతున్నాడు. పొట్టి మనిషి, కళ్లు సరిగా ఆనవు, ముక్కల్ని ముక్కుకి ఆనించి చూస్తాడు. ఎర్మెతె ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, మొత్తం చెప్పాడు. చెప్పి, దెబ్బకి సిద్ధపడ్డవాడిలా భుజాలు ముడుచుకున్నాడు.

ప్రీమో ముక్కలు బల్ల మీద పెట్టాడు. నవ్వలేదు.

"ఆ సంగతి నాకు ఆ బుధవారమే తెలుసు," అన్నాడు. "నేనూ ఆడాను కదరా, గాడిదా."

"తెలిసీ ఊరుకున్నావా? నేను అన్నేసి మాటలంటుంటే?"

"అన్నావు. నువ్వు కథ ఎలా మొదలుపెడతావో ఒకసారి చెప్పు."

ఎర్మెతె తడబడ్డాడు. "ఎలా ఏముంది. పొగమంచు. ఏమీ కనిపించట్లేదు. ప్రీమో బంతి పైకి లేపి ఇచ్చాడు, తెల్లటి దాంట్లోంచి ఒక్కసారిగా నా నుదుటికొచ్చి తగిలింది..."

"అదీ," అన్నాడు ప్రీమో. "ప్రీమో బంతి ఇచ్చాడు. ఏడాదికొకసారి నీ నోటితో ఆ ముక్క అంటావు. రెండు వందల ముప్ఫై ఒక్క మ్యాచ్‌ల్లో నేను సరిగ్గా తన్నిన బంతి అదొక్కటే. ఈవిడ పుస్తకంలో గోలు కొట్టినవాడికి గడి ఉంది. బంతి ఇచ్చినవాడికి గడి లేదు. నీ గోలు పోతే నా బంతి కూడా పోతుంది. ఇంక నేనెందుకు నోరు విప్పుతాను?"

ఎర్మెతె బల్ల మీద చెయ్యి చాపి ప్రీమో మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి చొక్కాలకీ సున్నం అంటింది.

అంతలో ప్రీమో నా వైపు తిరిగాడు. "ఆగాగు. మరి నా రికార్డు సంగతేంటి? ఎనభై ఎనిమిదో పేజీ వీడికిస్తున్నావా? నా మనవరాలికి కూడా చూపించాను ఆ పేజీ! పుస్తకంలో నాకున్న రికార్డే అది!"

"నువ్విప్పుడు రెండో స్థానం," అన్నాను.

"అన్యాయం! ముందు నా గోలు... వీడి గోలు పోయింది, ఇప్పుడు నా సున్నా కూడా పోయింది!"

మా క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉంది. రికార్డు బద్దలుకొట్టినవాడు, పోగొట్టుకున్నవాడికి వైను పోయించాలి. ఎర్మెతె లేచి గ్లాసు తెచ్చాడు. "తాగరా, సున్నా నంబరు రెండు," అన్నాడు. ప్రీమో తిట్టుకుంటూనే తాగాడు. ఇద్దర్నీ చూస్తుంటే రెండు రోజులుగా నా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. సంతోషంతో నేను కూడా ఒక గ్లాసు తెప్పించుకున్నాను, పొద్దున పదకొండింటికి.

అయినా నా మనసు ఒకచోటే తిరుగుతోంది. లేనిది ఉందని రాయకూడదు, సరే. ఉన్నదాన్ని లేదని మాత్రం ఎందుకు రాయాలి? ఆ ఆదివారం మ్యాచ్ మొదలైంది. బంతి గోల్లోకి వెళ్లింది. సంచీలోంచి పుస్తకం ప్రూఫులు తీసి చివరి పేజీ తిప్పాను. అది ఖాళీ. దాని నెత్తిన పెన్నుతో రాశాను: లెక్కలోకి రాని మ్యాచ్‌లు. పొగమంచుకి ఆగినవి పదకొండు, నది వరదకి రెండు, వడగళ్లకి ఒకటి. తేదీలన్నీ నాకు నోటికి వచ్చు. 1975 జనవరి 12 దగ్గర ఆగి, పైకి చదువుతూ రాశాను. "అరవై ఎనిమిదో నిమిషంలో ఆగింది. అప్పటికి ఒకటి సున్నా. గోలు, ఎర్మెతె తవాని. బంతి ఇచ్చినది, ప్రీమో గిసోల్ఫి."

ప్రీమో కాగితం లాక్కుని ముక్కుకి ఆనించుకున్నాడు.

"మళ్లీ చదువు," అన్నాడు. మళ్లీ చదివాను. "ఇంకోసారి."

మూడోసారి చదివాక అన్నాడు, "గోలు ఎన్నో నిమిషమో రాయలేదే?"

"తెలియదు. నాన్న పుస్తకంలో లేదు, ఎవరికీ కనిపించలేదుగా."

"అరవై ఒకటి."

"నీకెలా తెలుసు?"

"రెండున్నరకి ఆట మొదలు. పావుగంట విరామం. చర్చి గంట మూడూ ముప్పావు కొట్టింది. పొగమంచులో ఆ గంటొక్కటే దిక్కు, ఎటు తిరిగున్నానో దాన్ని బట్టే తెలిసేది. అది కొట్టాక అటు తిరిగి, ఇంకో నిమిషానికి తన్నాను. అరవై ఒకటి."

దానికి ఆధారం లేదు. రిఫరీ కాగితం లేదు, పత్రిక లేదు. చూసినవాడు లేడు. విరామం పావుగంటే తీసుకున్నారని గ్యారంటీ ఏముంది? ఇంకెవరైనా ఇలా చెబితే లేచి వెళ్లిపోయేదాన్ని.

ఎర్మెతె నా వైపు చూశాడు. ప్రీమో కూడా చూశాడు, కళ్లు చికిలించి.

పెన్ను తీసి 61 అని రాశాను.