జీపు నిద్ర లేచే తీరు

వరహాలరావు సావుకారు జీపు బానెట్ మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమని కాలింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

మేం వస్తామని ఆయనకు ముందే తెలుసు. మేం కొండ దిగి డుంబ్రిగుడ చేరేసరికి జీపును కడిగించి, కొత్త రంగు వేయించి, దుకాణం ముందు పనస చెట్టు నీడలో పెట్టించాడు. బంతిపూల దండ కూడా వేయించాడు. పొద్దుటి నుంచీ ఎక్కడికీ కదల్లేదని తనే అన్నాడు. కదలని బండికి ఇంత వేడి ఎక్కడి నుంచి వచ్చింది? మేం రాకముందే స్టార్ట్ చేసి బాగా కాగనిచ్చి ఆపేశాడు. వేడి మీద ఎంత ముసలి ఇంజనైనా ఒక్క తిప్పుకే అందుకుంటుందని మా తమ్ముడు మల్లేశు ఇంటి దగ్గరే చెప్పాడు. చెప్పినవాడు ఇప్పుడు స్టీరింగు పట్టుకుని పెళ్ళికొడుకులా కూర్చున్నాడు.

రైలు మార్గం వేసే రోజుల్లో మల్లేశు ఓ కంట్రాక్టరు దగ్గర జీపు నడిపాడు. పని అయిపోయాక వాడికి మిగిలింది లైసెన్సు ఒక్కటే. అప్పటి నుంచీ పోడు కొట్టుకుంటున్నాడు కానీ, రోడ్డు మీద బండి చప్పుడు వినబడితే చాలు, చేతిలో గొడ్డలి ఆగిపోతుంది. అలాంటివాడికి జీపు చూపించి, నిజం చెప్పరా అంటే ఏం చెబుతాడు?

మాకు బండి ఎందుకు కావలసి వచ్చిందో కూడా చెప్పాలి. మా ఊరు డుంబ్రిగుడకు పైన కొండ మీద ఉంది. ఏటా పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టాక, దాన్ని దించే బండి సావుకారుది ఒక్కటే. ఆయన కావాలనే ఆలస్యం చేసేవాడు. మబ్బు పట్టి, వాన పడితే పసుపు బూజు పడుతుందని మేం అల్లాడుతుంటే అప్పుడు వచ్చి, ఓ కొమ్ము విరిచి, ఇంకా పచ్చిగానే ఉందనేవాడు. ఎంతంటే అంతకు ఇచ్చి దండం పెట్టేవాళ్ళం. ఆ దండం పెట్టడం నాకు చచ్చేంత అసహ్యం. అయినా పెట్టేదాన్ని.

ఈ ఏడు ఊరంతా కూడబలుక్కుని, బండి కొని, మా పసుపు మేమే విజయనగరం తీసుకెళ్ళి అమ్ముకుందామనుకున్నాం. చుట్టుపక్కల అమ్మకానికి ఉన్న బండి మళ్ళీ ఆయనదే అయింది. పెట్రోలు ధర పెరిగాక ఆయన డీజిలు వ్యాను కొనుక్కున్నాడు. పాత జీపు మాకు అంటగడితే అది ఘాట్ రోడ్డులో ఎక్కడో చస్తుంది, మేం మళ్ళీ ఆయన కాటా ముందు చేతులు కట్టుకుని నిలబడతాం. నవ్వుతూ మాకు టీలు తెప్పిస్తున్న ఆయన మొహంలో ఆ లెక్క నాకు కనబడుతూనే ఉంది.

మీటరు చూడమన్నాడు. అందులో అంకెలు చూస్తే బండి నిన్న మొన్న కొన్నట్టే ఉంది. నేను వంగి కింద చూశాను. క్లచ్ పెడల్ మీద రబ్బరు పూర్తిగా అరిగిపోయి, ఇనుము నున్నగా మెరుస్తోంది. డ్రైవరు మడమ ఆనే చోట రేకు గుంట పడింది. ఇది ఏటని మల్లేశును అడిగాను. వాడు నా మొహం చూడకుండా, సీటు కవరు బాగుంది కదప్పా అన్నాడు.

అప్పుడు మా ఊరి పెద్ద యర్రయ్యతో చెప్పాను, ఇవాళ బేరం లేదని. మా కొండల్లో ఎద్దును కొనేటప్పుడు ఒక పద్ధతి ఉంది. మేపి, నీళ్ళు పెట్టి, నిలబెట్టి చూపిస్తే ఎవరూ కొనరు. ఆ రాత్రికి అమ్మేవాడి ఇంటి దగ్గరే పడుకుని, తెల్లారి ఎద్దు నిద్ర లేచే తీరు చూస్తారు. మోకాళ్ళలో జబ్బుంటే అప్పుడే బయటపడుతుంది. జీపును కూడా అలాగే చూస్తామని యర్రయ్య సావుకారుతో అన్నాడు.

సావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. జీపు నెమరు కూడా వేస్తుందేమో చూసి పొమ్మన్నాడు. మర్నాడు సంత. అంతవరకు ఈ కొండోళ్ళు ఓపిక పడతారా అనుకుని ఉంటాడు. కాసేపటికి తన డ్రైవరును పిలిచి, జీపు షెడ్డులో పెట్టమన్నాడు. నేను వెళ్ళి ముందు చక్రానికి వీపు ఆనించి కూర్చున్నాను. చీకటి పడ్డాక మళ్ళీ వచ్చాడు డ్రైవరు, ఈసారి బ్యాటరీ చూడాలట. నేను అక్కడే చాప వేసుకున్నాను. ఆ డ్రైవరు నన్ను తిట్టుకుంటూ పోయాడు, నేను అంతకంటే గట్టిగానే తిట్టాను.

తెల్లారేసరికి సంత జనం దిగడం మొదలైంది. అల్లం, చింతపండు, వలిసె గింజల మూటలు నెత్తిన పెట్టుకుని ఊళ్ళవాళ్ళు సావుకారు కాటా చుట్టూ చేరారు. బానెట్ మీద మంచు పట్టి ఉంది. మల్లేశు ముందుగా ఆయిల్ పుల్ల లాగి వేళ్ళ మధ్య రాసి చూశాడు. బెల్లం పాకంలా సాగింది. వాడి మొహం వాడిపోయింది. గేరు బాక్సులో పోసే చిక్కటి ఆయిల్ ఇంజనులో కలిపారని, అలా చేస్తే లోపలి చప్పుడు వినబడదని నాకు మెల్లగా చెప్పాడు.

హ్యాండిల్ పెట్టి తిప్పాడు. జీపు దగ్గింది, ఆగింది. మళ్ళీ తిప్పాడు. చెమటలు కక్కుతూ తిప్పగా తిప్పగా ఒళ్ళంతా అదురుతూ లేచింది. నీలంగా పొగ వచ్చి సావుకారు తెల్లటి గోడంతా కమ్మేసింది. జనం దగ్గుకుంటూ పక్కకు తప్పుకున్నారు. మల్లేశు ఆయిల్ పోసే మూత తీసి, నా చెయ్యి పట్టుకుని ఆ కంత మీద పెట్టాడు. లోపలి నుంచి ఫుస్సు ఫుస్సుమని వేడిగాలి అరచేతిని తన్నింది.

"లోన అంతా అరిగిపోనాదప్పా. నేనే నిన్న కళ్ళు మూసుకున్నాను" అన్నాడు. వాడి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పాపం అనిపించింది, కోపం కూడా వచ్చింది.

సావుకారు ఇప్పుడు నవ్వడం లేదు. "నచ్చితే తీసుకోండి, నేకపోతే పోండి. వానలు దగ్గిరికొచ్చీనాయి. మీ పసుపు ఎక్కడికి పోతాది, నా కాటాకే కదా" అన్నాడు.

యర్రయ్య తలగుడ్డ దులుపుకుని, పదండి పోదాం అన్నాడు. మల్లేశు అప్పటికే ఇంజను ఆపేసి తల వంచుకుని నిలబడ్డాడు. కొండ ఎక్కితే మళ్ళీ ఆ దండాలే. నా వల్ల కాదనిపించింది.

"కొంటాం సావుకారూ" అన్నాను.

మా వాళ్ళంతా నా వైపు తిరిగారు. నేను చెప్పాల్సింది ఇంకా పూర్తి కాలేదు. మా దగ్గర పశువును అమ్మేవాడు దాని వీపు మీద చెయ్యి వేసి, దాని రోగాలన్నీ పదిమంది ముందు తన నోటితో చెబుతాడు. చెప్పిన రోగానికి తర్వాత తగువు ఉండదు. రోగాన్ని దాచినవాడితో మళ్ళీ ఎవరూ బేరం చెయ్యరు. నువ్వూ అలా చెబితే మేం కొంటాం, రోగాన్ని బట్టే ధర ఇస్తాం అన్నాను.

ఆయన మొహం కందగడ్డ అయింది. మీ ముందు నేను చెయ్యి వేసి చెప్పాలా అన్నాడు. ఈ జీపుకు ఏ రోగమూ లేదు, పొద్దుటి చలికి అలా ఉంది, అంతే అన్నాడు.

నేను జనం వైపు తిరిగాను. అరవాల్సిన పని పడలేదు, అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

"జీపు మంచిదని సెప్పిన నోరే మన మూట తూకం సెప్తాది. మీ ఇష్టం" అన్నాను.

చింతపండు తెచ్చిన ఓ ముసలమ్మ కాటా పళ్ళెంలో పెట్టిన మూట తీసి నెత్తిన పెట్టుకుంది. ఆమె వెనక అల్లం బస్తావాడు బస్తా ఎత్తుకున్నాడు. పక్కన ఇంకో సావుకారు చాప పరుచుకుని కూర్చుని ఉన్నాడు, వాళ్ళు అటు నడవడం మొదలుపెట్టారు. నా గుండె దడదడ కొట్టుకుంటోంది. సంతోషంతో కొట్టుకుంటోందని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

వరహాలరావు మెట్లు దిగి వచ్చాడు. వేళ్ళ కొసలు మాత్రం బానెట్ మీద ఆనించాడు. అరచెయ్యి పూర్తిగా పెట్టమన్నాడు యర్రయ్య. పెట్టాడు.

మీటరు మార్పించానని చెప్పాడు. ఆయిల్ తాగుతుందని చెప్పాడు. నిండా బరువేస్తే అనంతగిరి ఎక్కుడులో నీళ్ళు మరిగి ఆగిపోతుందని చెప్పాడు. ఒక్కో మాటకూ జనం నిశ్శబ్దంగా తలలు ఊపారు, పశువుల బేరంలో ఊపినట్టే.

"ఎన్నాళ్ళు బతుకుతాది?" అని అడిగాను.

ఆయన నా వైపు చూశాడు. ఇన్నేళ్ళలో నా మొహం సరిగ్గా చూడడం అదే మొదటిసారి అనుకుంటాను.

"సగం బరువుతో నడిపితే ఓ ఏడు. అంతకు మించి నేదు" అన్నాడు.

మల్లేశు నిజమేనన్నట్టు తల ఊపాడు.

"ఒక్క ఏడు సాలు సావుకారూ. ఒక్క పంట మా సేత్తో మేం అమ్ముకుంటే, ఆ డబ్బుతో ఇంకో బండి కొనుక్కుంటాం. ఆ తర్వాత ఇది సచ్చినా మేం నీ కాడికి రాం" అన్నాను.

యర్రయ్య ఆ రోగాలకు తగ్గ ధర చెప్పి, డబ్బు లెక్కపెట్టి ఆయన చేతిలో పెట్టాడు. మల్లేశు ఈసారి స్టీరింగు ముందు కూర్చున్నాడు. యర్రయ్య, నేను వెనక నుంచి తోశాం. పొగ కక్కుతూ జీపు కదిలింది. మేం దగ్గుకుంటూనే పరుగెత్తి అందులోకి ఎక్కాం, పసుపు దించడానికి కొండదారి పట్టాం.