కుడివైపు మూల

చచ్చిన పిట్టపిల్లను ఆమె ముందుగా తీసేసింది. నీటి అంచున బోర్లా తేలుతోంది అది. రెక్కల మీద ఈకలు ఇంకా సరిగ్గా మొలవలేదు. పక్కనున్న బురదను కాస్త ఎత్తి, కంప్యూటరు పలక మీద పెన్నుతో రుద్దుతూ దాని మీద పూసింది. కాసేపటికి అక్కడ బురద తప్ప ఏమీ మిగల్లేదు. తరవాత, నీళ్ళ కోసం కలబడ్డ గోరింకల్లో ఒకదాని బోడి మెడ మీద కొత్త ఈకలు పెట్టింది. రెట్టలు తుడిచింది. ఎండకు వెలిసిపోయిన నీళ్ళకు కాస్త నీలం కలిపింది.

"దాహం కనపడకూడదమ్మా, అందం కనపడాలి" అంటాడు ఫొటోగ్రాఫరు.

బట్టలు కుట్టే దుకాణం పైన ఉంది ఆ గది. కింద మిషన్లు తిరిగినప్పుడల్లా నేల సన్నగా వణుకుతుంది. రంగులు తేడా రాకూడదని కిటికీకి నల్లకాగితం అంటించారు కాబట్టి లోపల పగలైనా రాత్రైనా ఒకటే. ఆమె కుడి మణికట్టుకు ఎప్పుడూ గుడ్డ చుట్టి ఉంటుంది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారినా పెన్ను వదలదు, ముఖాన్నే పైకెత్తుతుంది. ఫొటోల్లో చెత్త ఊడుస్తుందని వీధిలో అందరూ ఆమెను చీపురక్క అంటారు. మొగుడు నీళ్ళాయన. వీళ్ళింట్లో ఒకరు ఊడిస్తే ఒకరు కళ్ళాపి చల్లుతారని దుకాణంలో దర్జీ హాస్యమాడతాడు.

నీళ్ళాయన పని ఊరి బయట, రాతిగుట్టల మధ్య. అక్కడ ఫొటోగ్రాఫరు ఒక నీటిగుంట తవ్వించి, దానికెదురుగా రేకులతో మాటు కట్టించుకున్నాడు. మాటులో కెమెరా, ఫ్యాను, మెత్తటి కుర్చీ. గుంటలో నీళ్ళు ఇంకిపోకుండా డబ్బాలతో మోసి పొయ్యడం ఆమె మొగుడి వంతు. చుట్టుపక్కల ఉన్న మిగతా గుంటలన్నిటినీ రాళ్ళతో మూసింది కూడా అతనే. ఎండాకాలం తాగడానికి మరోచోటు లేకపోతే ఎంత పిరికిపిట్టైనా కెమెరా ముందుకు వచ్చి తీరుతుందని ఫొటోగ్రాఫరు లెక్క. ఆ లెక్క ఎప్పుడూ తప్పలేదు, ఒక్క వంగపండు పిట్ట విషయంలో తప్ప. ఒళ్ళంతా బంగారు పసుపు, నల్లటి రెక్కలు, కంటికి కాటుక గీత, గులాబీరంగు ముక్కు. చిటారుకొమ్మ దిగని పిట్ట అది. ఆకు కదిలినా ఎగిరిపోతుంది. క్యాలెండరు అట్ట మీదికి అదే కావాలని ప్రెస్సువాళ్ళు పట్టుబట్టారు. అచ్చు వెయ్యడం రేపే.

పొద్దున్నే మొగుడు ఫోను చేశాడు.

"ఏం చేస్తున్నావు?"

"ఏముంది, ఊడుస్తున్నాను. నువ్వు?"

"రాళ్ళు మోస్తున్నా. బండల వెనక గుంట కూడా మూసెయ్యమన్నాడు సారు. పాపం, అదొక్కటీ ఉండనిద్దామనుకున్నాను. ఎవరు చెప్పారో మరి."

ఎవరు చెప్పారో ఆమెకు తెలుసు. నిన్న ఫొటోగ్రాఫరు ఈ గదిలోనే కూర్చుని పిట్ట రాలేదని విసుక్కుంటుంటే, ఆయన మెప్పు కోసం నవ్వుతూ తనే అంది: మా ఆయన ఒక గుంట మూయకుండా దాచాడు సార్, అక్కడ తాగుతుందేమో.

"ఎవరైతేనేం. చెప్పిన పని చెయ్యరాదూ" అంది.

"చేస్తున్నాలే. పొద్దుట్నించీ గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంది."

"తిన్నది అరగలేదు. కాసిని నీళ్ళు తాగి పని కానివ్వు. ఇవాళ ఆయనకి కోపం తెప్పించకు."

అతను చిన్నగా నవ్వాడు. "ఈ నీళ్ళు పిట్టలకే చాలట్లేదే" అని ఫోను పెట్టేశాడు.

అతనెప్పుడూ అంతే. గట్టిగా ఏదీ అనడు. పెళ్ళికి ముందు ఆమె ఒక స్టూడియోలో పెళ్ళిఫొటోలు దిద్దేది. నల్లపిల్లల్ని తెల్లగా, కళ్ళు మూసినవాళ్ళని తెరిచినట్టుగా చేసేది. గుర్తింపుకార్డుకి ఫొటో దిగడానికొచ్చిన ఇతని నుదుటి మీద పెద్ద మచ్చ ఉంటే దాన్నీ చెరిపేసింది. మర్నాడు అతను తిరిగొచ్చి నిలబడ్డాడు. "నా మచ్చ నాకిచ్చెయ్యండి. ఇందులో ఉన్నాయన ఎవరని మా అమ్మ అడుగుతోంది" అన్నాడు. స్టూడియో అంతా పగలబడి నవ్వింది. ఆమె మాత్రం మచ్చ మళ్ళీ పెట్టి ఇచ్చింది. ఆ తరవాత అతను ఏదో ఒక వంకతో వస్తూనే ఉన్నాడు. పెళ్ళయ్యాక ఆమె గొంతు పెరిగింది, అతనిది తగ్గింది. పిల్లలు కలగలేదు. ఆ మాట ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు.

మధ్యాహ్నం దాటాక డ్రైవరు వచ్చాడు. కెమెరా కార్డు బల్ల మీద పెట్టి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"పిట్ట దొరికిందక్కా. సాయంత్రానికల్లా కావాలన్నారు."

"మా ఆయన అన్నం తిన్నాడా?"

"నాకు తెలీదక్కా" అన్నాడు నేల చూస్తూ. ఎప్పుడూ మంచినీళ్ళడిగి తాగి వెళ్ళేవాడు, ఇవాళ అడగలేదు. మెట్లు దిగే చప్పుడు కూడా గబగబా వినిపించింది.

ఆమె కార్డు తెరిచింది. మొదటి ఫొటోలో వంగపండు పిట్ట గుంటకు అవతల ఎండుకొమ్మ మీద ఉంది. కుడివైపు మూల, రాయి వెనకనుంచి ఒక చెయ్యి పైకి లేచి ఉంది. నల్లటి చెయ్యి, బురద పట్టిన గోళ్ళు. ఆమె పళ్ళు కొరికింది. 'ఫ్రేములోకి రావద్దని ఎన్నిసార్లు చెప్పాలి ఈ మనిషికి? పిట్టను చూస్తే పసిపిల్లాడైపోతాడు.'

ఫోను మోగింది. ఫొటోగ్రాఫరు. "కుడివైపు మూల శుభ్రం చెయ్యమ్మా. అన్నిట్లోనూ ఉంది."

"క్షమించండి సార్. ఇంటికి రానివ్వండి, నేను చెప్తాను ఆయన సంగతి."

"ముందు పని కానివ్వు" అన్నాడు.

ఆమె ఒక్కో వేలే తీసేసింది. తరవాతి ఫొటోలో పిట్ట దగ్గరికొచ్చింది, చెయ్యి కాస్త కిందికి దిగింది. దాన్నీ తీసేసింది. ఆ తరవాత చెయ్యి నేల మీద ఉంది, మట్టిని పిడికిట్లో పట్టుకుని. పిట్ట నీళ్ళలో మునిగి లేస్తోంది, నీటిచుక్కలు గాలిలో ముత్యాల్లా ఆగిపోయాయి. చాలా బాగా వచ్చింది. ఆమె పిడికిలి మీద బురద పూసింది. ఇంకో దాంట్లో పిడికిలి విడిపోయి, అరచెయ్యి ఆకాశం వైపు తిరిగి ఉంది. నిద్రపోయినట్టున్నాడు, మొద్దు మనిషి, ఇంత ఎండలో.

చివరి ఫొటోలో పిట్ట ఆ అరచేతి మీద ఉంది.

రెండు కాళ్ళూ వేళ్ళ మీద ఆనించి, తడి రెక్కలు విప్పి ఆరబెట్టుకుంటోంది. ఆమె మొదట ఆ ముచ్చట చూస్తూ ఉండిపోయింది. చూస్తూ చూస్తూ ఉండగా పెన్ను కింద పెట్టేసింది. ఏళ్ళ తరబడి పిట్టల్ని దగ్గరగా చేసి చూసిన మనిషి. నిద్రపోయేవాడి చెయ్యి కూడా ఊపిరికి కదులుతుంది. బతికున్న చేతి మీద ఇది వాలదు.

మొగుడికి ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎవరో ఎత్తారు.

"అక్కా" అంది డ్రైవరు గొంతు.

ఫొటోగ్రాఫరు వచ్చేసరికి ఆమె కుర్చీలోనే ఉంది. ఆయన తలుపు దగ్గరగా వేసి, ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఖరీదైన చొక్కా, చంకల దగ్గర చెమట.

"ఆస్పత్రికి పంపించానమ్మా. అప్పటికే అయిపోయిందన్నారు. ముందే చెబితే నువ్వు పని చెయ్యలేకపోయేదానివి. నీకన్నా బాగా చేసేవాళ్ళు నాకెవరున్నారు చెప్పు?"

"మొదటి ఫొటోలో చెయ్యి ఎత్తాడు సార్."

"పడుకున్నాడనుకున్నాను."

"ఎత్తాడు సార్. మీకేసి ఊపాడు."

ఆయన స్క్రీన్ వైపు చూశాడు, ఆమె వైపు చూడలేదు. "కదిలితే పిట్ట ఎగిరిపోయేది" అన్నాడు నెమ్మదిగా. "ఎన్ని రోజులుగా కాచుకున్నామో నీకు తెలియనిదేముంది? ఆ గుంట సంగతి చెప్పి పుణ్యం కట్టుకున్నావు కూడా" అన్నాడు.

కింద మిషన్లు ఆగిపోయాయి. ఆమె చీర కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు రాలేదు, పొడి దగ్గు వచ్చింది.

"అట్ట మీదికి ఆ చివరిదే కావాలంటున్నారు. చెయ్యి తీసేసి వేరో కొమ్మో పెట్టాలి. ఆ ఒక్కటీ చేసి వెళ్ళమ్మా, బండి కిందే ఉంది. నీవల్ల కాదంటే చెప్పు, ఇలాగే పంపించేస్తాను. వాళ్ళే ఏదో ఒకటి చేసుకుంటారు."

ఇలాగే పంపితే వాళ్ళు చెయ్యి ఉంచేస్తారు, వింతగా ఉందని. వచ్చే ఏడాదంతా హోటళ్ళలో, మంగలిషాపుల్లో, ముక్కూముఖం తెలియని వాళ్ళ వంటిళ్ళలో తన మొగుడి చెయ్యి మేకులకు వేలాడుతుంది.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని పెన్ను అందుకుంది. అతని చిటికెనవేలి దగ్గర మొదలుపెట్టింది. ఎప్పట్లా గబగబా చెయ్యలేదు. గోరు, గోటికింద బురద, కణుపు దగ్గర కాయ కాచిన చోటు, అన్నీ పెద్దవిగా చేసి చూసి, చూసినదాని మీద మట్టి కప్పింది. బొటనవేలు దగ్గర ఆగింది. ఫొటోగ్రాఫరు గోడగడియారం వంక చూశాడు. ఆమె దాన్నీ కప్పేసి, పిట్ట కాళ్ళకింద ఒక వేరును పెట్టి లేచింది.

"ముఖం ఎందులోనైనా పడిందా సార్?"

"లేదమ్మా."

ఆయన స్టూలు జరుపుకుని స్క్రీన్‌కి దగ్గరగా వంగి చూశాడు. "అద్భుతం" అన్నాడు.

కింద దుకాణం మెట్ల దగ్గర డ్రైవరు బండి తలుపు తీసి పట్టుకున్నాడు. ఆమె ఎక్కి కూర్చున్నాక ఒక ప్లాస్టిక్ సంచి ఒళ్ళో పెట్టాడు. ఆమె విప్పి చూసింది.

"ఇంకోటేదయ్యా?"

"కనపడలేదక్కా. రాళ్ళకింద పడిపోయినట్టుంది."

బండి కదిలింది. సంచిలో ఎడమకాలి చెప్పు ఒక్కటే ఉంది. తెగిన పట్టీని మొగుడే ఇనపతీగతో బిగించుకున్నాడు. మడమ ఆనీ ఆనీ అరిగిన చోట లోతుగా గుంట పడింది, అందులో పేరుకున్న బురద ఇంకా తడిగానే ఉంది.