తొమ్మిది ‘బి’లో హాజరు

వర్తూరు హైస్కూల్లో తొమ్మిదో తరగతి ‘బి’ సెక్షన్ హాజరు తీసుకోవడమంటే అంబిక టీచరుకు మహా సరదా. ఎవరి మనసు ఎక్కడుంటే వాళ్ల గొంతు అక్కడినుంచే పలికేది. హేమంత్‌కుమార్ మొదటి బెంచీలో బుద్ధిగా కూర్చునే ఉంటాడు, ‘ఎస్ మిస్’ మాత్రం వీధి చివర బజ్జీల బండి దగ్గర్నుంచి వినబడేది. టీచరు కిటికీ వైపు చెవి పెట్టి టిక్కులు కొట్టుకుంటూ పోయేది.

దసరా సెలవులయ్యాక హర్షిత గొంతు దూరం జరగడం మొదలుపెట్టింది. ముందు వరండా, తర్వాత గేటు, ఆ తర్వాత చెరువు కట్ట. ఇంట్లో అడిగితే ‘తల నొస్తాది మా’ అనేది. వాళ్లమ్మ సుమ పిల్లంటే ప్రాణం పెట్టే మనిషి. కళ్లద్దాలు చేయించింది. తగ్గలేదని నంబరు మార్పించింది. రెండు నెలల్లో మూడు జతలు! పాపం, వాటితో పిల్లకు నిజంగానే తలనొప్పి పట్టుకుంది.

శనివారం చివరి పీరియడ్‌లో అంబిక మనసు గురించి పాఠం చెప్పేది. పరీక్షకు రాదు కాబట్టి పిల్లలు శ్రద్ధగా వినేవాళ్లు.

“మనసు డాక్టరంటే పిచ్చోళ్లకి కదా మిస్?” అన్నాడు హేమంత్.

“జొరమొస్తే డాక్టరు దగ్గరికి పోతావు గదా, అప్పుడు నిన్ను ఏమనాలప్పా?” అని నవ్వి, బోర్డు మీద రాసింది. రెండు వారాలు దాటినా పోని దిగులు. పట్టని నిద్ర. ఇష్టమైనవాటి మీద కూడా పోయిన ఇష్టం. “ఇది బద్ధకం కాదు, పొగరూ కాదు. నయమయ్యేదే. పెద్దోళ్లకు చెప్పాల.”

హర్షిత అది నోటుబుక్కులో రాసుకుంది.

సోమవారం హాజరులో ఆ పిల్ల పెదాలు కదిలాయి. గొంతు ఎక్కడినుంచీ రాలేదు. తరగతంతా చెవులు రిక్కించినా చెరువు వైపు చప్పుడే లేదు. అంబిక రిజిస్టరు మూసి ఆ పిల్ల బెంచీ దగ్గరికి వచ్చింది.

పక్కనున్న జరీనా హర్షిత చెయ్యి పట్టుకుంది. “ఏమైందో చెప్పొద్దులే. ఎట్లుండాదో చెప్పు, చాలు.”

హర్షిత నోటుబుక్కు తెరిచి, ఆ మాటల మీద వేలు పెట్టింది.

“తలనొప్పి కాదు మిస్. ఇదీ.”

గొంతు గేటు దగ్గర్నుంచి వచ్చింది. సన్నగానే, కానీ వచ్చింది. అంబికకు కళ్లనీళ్లు ఆగలేదు.

మధ్యాహ్నానికి సుమ గార్మెంట్స్ ఫ్యాక్టరీలో పర్మిషన్ అడిగి పరిగెత్తుకొచ్చింది. మెడలో ఐడీ కార్డు కూడా తియ్యలేదు. అంబిక ఆమెను కూర్చోబెట్టి, ఆసుపత్రి పేరూ హర్షిత పేరూ చీటీ మీద రాసిచ్చి, హర్షిత నోటుబుక్కులోని మాటలన్నీ మెల్లగా చదివి వినిపించింది. సుమ తలూపుతూ విన్నది. చీటీ మడిచి పట్టుకుని అడిగింది.

“ఇవి అందరికీ ఉండేవే కదా మేడమ్? నాకు ఈ పాప పుట్టినప్పట్నించీ ఉండాయి.”

మనిషి ఎదురుగా కుర్చీలోనే ఉంది. మాట మాత్రం చెరువు అవతలి ఒడ్డునుంచి, గాలికి తెగుతూ, ఎంతో ఆలస్యంగా వచ్చి చేరింది.

హర్షిత లేచి వెళ్లి అమ్మను గట్టిగా పట్టుకుంది. అంబిక చీటీ వెనక్కి తీసుకుని, హర్షిత పేరు కింద సుమ పేరు కూడా రాసింది.