బీరువాల పెట్టిన దుర్బీన్

శారదకు ఒక్కసారి అనుమానమొచ్చిందంటే ఇగ అన్నం సహించది. జోడ్‌భావి పేట్‌ల ఆ ఇంటికి పెద్దకోడలు ఆమె. భర్త పోయినంక కింద టవళ్లు నేసే సాంచల కార్ఖానా, అంటే కరెంటు మగ్గాలది, ఆమెనే నడిపిస్తది. మీద ఒక దిక్కు ఆమె, బిడ్డ శ్రుతి. ఇంకో దిక్కు మరిది సంసారం. మరిది బిడ్డ మయూరి, శ్రుతికి చెల్లె వరస. ఇద్దరు పిల్లలకూ కలిపి ఉన్నది ఒక్కటే ఎయిర్ రైఫిల్. షూటింగ్ క్లబ్బు నుంచి జిల్లా పోటీకి పోయేది కూడా ఒక్కరే. సెలక్షన్ వచ్చే ఆదివారం. ఇగ శారదకు కన్నెట్ల మూతపడ్తది చెప్పుండ్రి!

ఆ రైఫిల్ మీద గురి చూసే దుర్బీన్ ఒకటుంటది. దూరం పెరిగిన కొద్దీ గుండు కిందికి జారుతదట. అందుకని పది మీటర్లకు ఒక తీరు, ఇరవైకి ఒక తీరు, ముప్పైకి ఒక తీరు దాని నాబ్ తిప్పుకోవాలె. తిప్పితే టిక్కు టిక్కుమంటది. శారదకు తెలిసింది అంతే. కానీ ఒకనాడు మధ్యాహ్నం శ్రుతి ఇంట్ల లేనప్పుడు మయూరి గదిలకెల్లి ఆ టిక్కు టిక్కు ఇనవడ్డది. తొంగి చూస్తే పిల్ల ఒక్కతే కూసొని నాబ్ తిప్పుతున్నది.

"ఏం జేస్తున్నవే?"

"ముప్పైల ఉండిపోయింది పెద్దమ్మా, పదికి తెస్తున్న. అక్క ఎప్పుడూ మర్చిపోతది."

మర్చిపోతదట! ఎంత ధైర్యముండాలె, తల్లి ముందటనే బిడ్డ మీద చాడీ చెప్పనీకి! శారద ఆ పూటనే రైఫిల్ కిందికి తెచ్చి, కార్ఖానాల తను కూసునే జాగ పక్కన గోడకున్న ఇనుప బీరువాల పెట్టింది. తాళమేసి చావీ కొంగుకు ముడేసుకున్నది. ఆదివారం దాకా ఎవ్వరూ ముట్టొద్దని ఇద్దరికీ చెప్పింది. శ్రుతి మూతి ముడుచుకున్నది. మయూరి మాత్రం ఒక్కసారి పెద్దమ్మ ముఖం దిక్కు చూసి తల దించుకున్నది. ఆ చూపు కూడా శారదకు దొంగచూపు లెక్కనే కనవడ్డది.

ఆదివారం క్లబ్బుకు పోయేటప్పుడు రైఫిల్ సంచి మయూరి మోసింది. ముందు శ్రుతి వంతు. మొదటి గుండు పైకి పోయింది, రెండోది ఎడమకు, తర్వాతది కిందికి. నాబ్ ఎంత తిప్పినా గురి కుదరలే. వంతు అయ్యేసరికి పిల్ల వెక్కివెక్కి ఏడ్వబట్టింది.

శారదకు ఒళ్లు మండింది. అందరి ముందటనే మయూరి రెక్క పట్టుకుని గుంజింది. "నువ్వే తిప్పినవు! ఆనాడు నా కండ్లతోని చూసిన. అక్క పొట్ట కొట్టనీకి నీకు మనసెట్ల వచ్చిందే?"

"నేను తిప్పితే గుండ్లన్నీ ఒక్క దిక్కే పోవాలె పెద్దమ్మా." మయూరి గురి కాగితం దిక్కు చెయ్యి చూపింది. "ఆ కాగితం చూడు. నాలుగు దిక్కులా పోయినయ్."

చూస్తదా శారద! సంజాయిషీలు నాకొద్దన్నది. తర్వాతి వంతు మయూరిదే. ఆ పిల్ల రైఫిల్ ముట్టనేలే. "నా పేరు తీసెయ్యుండ్రి సార్" అని బయటికి నడిచింది. ఆ ఒక్క జాగ ఇంకెవరికో పోయింది.

నేర్పే తుషార్ సార్ దుర్బీన్ పట్టుకుని ఊపి చూసిండు. అది అటూ ఇటూ కదిలింది. "దీన్ని రైఫిల్‌కు బిగించిన స్క్రూలు ఊసిపోయినయమ్మా. నాబ్ తోని పని లేదు ఇక్కడ. ఎక్కడ పెట్టిండ్రు దీన్ని?"

"భద్రంగనే పెట్టిన. సంచి మోసినామె ఊడదీసి ఉంటది" అన్నది శారద.

తెల్లారి సాంచలు నడుస్తున్నయి. రైఫిల్ మళ్ల దాచుదామని శారద బీరువా తలుపు మీద చెయ్యి పెట్టింది. తలుపు అదిరి చెయ్యి జివ్వుమన్నది. లోపల అర ముట్టింది, అదీ అదురుతున్నది. బీరువా నెత్తిన ఆమె పానా ఉన్నది. వారం వారం ఆ పానా తోనే సాంచల బోల్టులు బిగిస్తది ఆమె. బిగించకుంటే అదురుడుకు అవే ఊసిపోతయి, పెండ్లయి వచ్చిననాటి నుంచి తెలిసిన ముచ్చటే. అయ్యో, నా చేతులిరగ! ఎవరూ ముట్టొద్దని తెచ్చి సాంచల పక్కన పెట్టింది తనే కదా!

శారద కొంగు ముడి ఇప్పి, చావీ చేత పట్టుకుని మీదికి పోయింది. మయూరి తలుపు తీసింది. కండ్లు వాచి ఉన్నయి.

"తప్పు నాదే బిడ్డా. బీరువాల అదిరి అదిరి స్క్రూలు ఊసిపోయినయ్. సారుకు నేనే చెప్త, అందరి ముందటనే చెప్త. బీరువా మీదికి తెప్పిస్త, రైఫిల్ ఇగ నీ గదిలనే పెట్టుకో. ఇగో చావీ."

మయూరి చేతులు ఎనకకు పెట్టుకున్నది.

"నీ దగ్గరనే ఉండనీ పెద్దమ్మా. రేపు మళ్ల గురి తప్పితే, నేను కాదని చెప్పనీకి నాకు తాళమన్నా సాక్ష్యముంటది."