మేనర్ గోడ కూలిన ఉదయం

సెవెర్న్ నది గట్టు తెగిందని తెలిసి హెస్టర్ పాస్క్ దిగువ పొలానికి పరిగెత్తింది. ఆవులు కడుపులోతు నీళ్లలో ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. ఇంటి బాట అప్పటికే మునిగిపోయింది.

మిగిలిన మెరక ఒక్కటే, పాత మేనర్ దిబ్బ. ఏనాటిదో దొరల భవంతి, ఇప్పుడు మొండిగోడలు. చుట్టూ కందకం, దాని మీదుగా ఒకే మట్టిదారి, ఆ దారి చివర రాతిగోడలో మనిషి పట్టేంత గుమ్మం. ప్రభుత్వ రక్షణలో ఉన్న చోటు. అనుమతి లేకుండా గుంజ పాతినా నేరమే.

తమ్ముడు ఆబ్రీ మందను మట్టిదారి మీదికి తోలాడు. ముందున్న ఆవు గుమ్మంలో ఇరుక్కుపోయింది. వెనకవి తొక్కిసలాడాయి. రెండు దూడలు కందకంలోకి జారి మళ్లీ పైకి రాలేదు.

ఆ ఆవును ఎలాగో వెనక్కి లాగి, మందను మట్టిదారి మొదటికి మళ్లించారు. హెస్టర్ పొలంలో ఉన్న ట్రాక్టర్ తెచ్చి గొలుసు ఆబ్రీ చేతికిచ్చింది.

"గుమ్మానికి చుట్టు."

"మతి పోయిందా అక్కా? జైల్లో పెడతారు."

"అక్కడ పొడిగానైనా ఉంటుంది. చుట్టరా."

ఆబ్రీ ఏడుస్తూనే చుట్టాడు. ట్రాక్టర్ చక్రాలు బురదలో గిరగిరా తిరిగాయి. ఆమె మళ్లీ మళ్లీ లాగింది. ఆఖరికి గోడ ఒక్కసారిగా ఒరిగి కూలింది. ఆవులు రాళ్ల మీదుగా తడబడుతూ దిబ్బెక్కాయి. ఎక్కలేనివి ఆమె కళ్లెదుటే కొట్టుకుపోయాయి.

నీళ్లు తగ్గాక పురాతన కట్టడాల అధికారిణి ఐసొబెల్ క్రాన్ వచ్చింది. అంతకుముందే ఆబ్రీ అక్కను బతిమాలాడు. "వరదకు కూలిందందాం. ఎవరు చూశారు?"

ఐసొబెల్ రాళ్ల మధ్య వంగి, చెక్కడమున్న ముక్కను తుడిచింది. "నీటి దెబ్బకేనా?"

"కాదండీ," అంది హెస్టర్. "నేనే లాగేశాను. నేరమని తెలిసే లాగాను."

ఐసొబెల్ ఆ ముక్కను జాగ్రత్తగా కింద పెట్టింది. "ఈ గోడంటే నాకు ప్రాణం," అంది. "మీరు చెప్పింది చెప్పినట్టే పై అధికారులకు రాసి పంపాలి."

"పంపండి."

కోర్టు తప్పు హెస్టర్‌దేనని తేల్చి, ఆవుల సంగతి విని, హెచ్చరించి వదిలింది. గోడను తిరిగి కట్టనివ్వలేదు. కొత్తగా కడితే అది పాత గోడ కాదట, రాళ్లు పడినచోటే ఉండాలట. నిజం చెప్పేసిందన్న కోపంతో ఆబ్రీ చాలా వారాలు అక్కతో మాట్లాడలేదు. పాలు పితికే వేళకు మాత్రం వచ్చేవాడు. ఇద్దరూ చెరో వైపు కూర్చుని, పోయిన ఆవుల ఖాళీ చోట్ల వంక చూడకుండా పని ముగించేవారు.