మోకాలి కింద నాలుగున్నర అంగుళాలు

సోమవారం దర్జీ పాదం మీద కత్తెర జారిపడింది. గోరంత గాటు. గురువారానికల్లా పిక్క దాకా నల్లబడి ప్రాణం మీదికొచ్చింది. చర్మం కింద కండ కుళ్ళిపోతోందన్నారు. రెండుసార్లు థియేటర్‌కు తీసుకెళ్ళి చచ్చిన కండంతా కోసేశారు. అప్పట్నుంచీ అతని భార్య నడుం వాల్చలేదు.

ఆ ఉదయం కుర్ర డాక్టరొకడు పరుగున వచ్చి, కట్టుకు ఎగువన, చర్మం మీద ఎరుపు ఆగినచోట పెన్నుతో గీత గీసి, ఒక్క ముక్కైనా చెప్పకుండా పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

దర్జీ దిండు కింది టేపు తీసి, మోకాలి చిప్ప నుంచి గీత దాకా కొలిచాడు.

“నాలుగున్నర. మిగిలేది ఇంతే. ఒంటికాలితో మిషనెలా తొక్కనే?”

అతను మగతలోకి జారగానే ఆమె స్పిరిట్‌తో గుడ్డ తడిపి గీతను ఆనవాలు లేకుండా తుడిచేసింది.

మధ్యాహ్నం పెద్ద డాక్టరమ్మ వచ్చింది. పొద్దుటి నుంచీ కూర్చోలేదని ఆవిడ నడకే చెబుతోంది.

“గీతేది?”

“నేనే తుడిచానమ్మా. అక్కడ కోస్తారని...”

“అయ్యో, అది కోయడానికి కాదమ్మా! ఎరుపు ఆ గీత దాటి పైకి పాకితే కాలు తీసెయ్యాలి, లేకపోతే మనిషే దక్కడు. కిందికి దిగితే కాలు నిలుస్తుంది. ఇప్పుడు నాకెలా తెలియాలి?”



“నాలుగున్నర,” అన్నాడు దర్జీ కళ్ళు తెరవకుండానే. “చిప్ప కింది అంచు నుంచి.”

“ఏమయ్యా, కొలిచావా?”

“మా కొట్లో గీత పడ్డాక పడేది కత్తెరేగా అమ్మా. ఎంత మిగులుతుందో చూసుకున్నా.”

“నీ కొలత నమ్మొచ్చా?”

“ఇరవై ఏళ్ళలో ఒక్కరికీ బిగుతు కాలేదు.”

“నా రవికలు తప్ప,” అనేసింది భార్య, ఏడుస్తూనే.

డాక్టరమ్మ ఆమెచేత టేపు ఒక కొస చిప్ప దగ్గర పట్టించి, ఎరుపు ఇప్పుడు ఆగినచోటు దాకా లాగి, వంగి చూసింది. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచింది.

“ఐదుంపావు. ముప్పావు అంగుళం దిగింది.”

“అయితే కాలు...”

“ఇవాళ తీయక్కర్లేదు. రేపు మళ్ళీ చూద్దాం. గండం ఇంకా గడవలేదమ్మా.”

కొత్త గీత గీసి, తన కోసం తెచ్చిపెట్టిన స్టూలును ఆమె వైపు జరిపింది.

“కూర్చో. దీన్ని మాత్రం తుడవకు.”

డాక్టరమ్మ పక్క మంచం చేరేలోపే ఆమె పరుపు అంచుకు తల ఆనించి నిద్రపోయింది, టేపు గుప్పిట్లోనే ఉంది. బకెట్టుతో వచ్చిన ఆయాకు డాక్టరమ్మ సైగ చేసింది, అక్కడ తర్వాత తుడవమని.